కాలువగట్టే సైకిలు బాట

భూగోళ పాఠములో ‘డెల్టా’ అను మాటను కంఠస్థము చేయని విద్యార్థి కృష్ణాతీరమున ఉండడు. కాని తాను నిలిచిన నేల, తాను తిను అన్నము ఆ డెల్టావేయని కన్నులార చూచి గ్రహించినవారు కొలదిమంది. విజయవాడనుండి బందరునకు బస్సులో పోవు బాలుడు చూచునది ముందుపోవు లారీ వెనుకభాగము. వినునది హారను మ్రోత. ఆ రోడ్డునకు ఎంతో దూరము కాకుండనే, చెట్లచాటున, మరియొక దారి సముద్రమువైపు సాగుచున్నది. అది కాలువగట్టు. దానికి తగిన వాహనము సైకిలు.

ఈ గట్టు విహారార్థము వేసినది కాదు. విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట నిర్మాణము 1852లో ఆరంభమై 1855లో పూర్తియైనది. ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటను ప్రోద్బలము, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణము దీనికి తోడైనవి. 1952లో ఆ ఆనకట్టకు గండిపడగా, దానికి బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తియైనది. నది కుడియెడమల 12 లక్షల ఎకరములకు మించిన భూమికి నీరు అందించు కాలువలకు ఇదియే తలవాకిలి. విజయవాడ నగరము నడుమనుండి పారు ఏలూరు, రైవస్, బందరు కాలువలు మూడును ఈ నీటితో నిండునవే.

కాలువ త్రవ్విన మట్టిని ఇరుప్రక్కల పోయగా గట్టు ఏర్పడినది. అయితే దానిని దారిగా చేసినవారు పడవవారు. ఒకప్పుడు ఈ కాలువలు పొలములకు నీటిని, అంగళ్లకు సరకులను కూడ మోసినవి. ఏలూరు కాలువ కృష్ణాగోదావరులను కలిపినది; పడమటి డెల్టాలోని కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో చేరి మద్రాసువరకు జలమార్గమును చూపినది. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తిరి. లేనిచో గెడ వేసిరి. అదియు చాలనిచో తాడు భుజమునకు తగిలించుకొని గట్టువెంట నడచుచు పడవను లాగిరి. నీటిమట్టము మారుచోట పడవలను దింపుటకును ఎక్కించుటకును లాకులు కట్టిరి. విజయవాడలో ‘బందరు లాకులు’ అను పేరు నేటికిని వినబడును. వీరంకిలాకు అను ఊరికి ఆ లాకే పేరైనది. రైలును లారీయును వచ్చి పడవను తప్పించినవి. దారి మాత్రము మిగిలినది.

సైకిలు తొక్కువానికి ఈ దారి ఎందుకు సుఖమో లెక్క చెప్పును. బ్యారేజీవద్ద నిండు నీటిమట్టము సముద్రముకంటె సుమారు 57 అడుగుల ఎత్తు. ఆ నీరు సుమారు 70 కిలోమీటర్లు నడచి సముద్రమట్టమునకు దిగవలెను. అనగా కిలోమీటరునకు ఒక్క అడుగు వాలైనను లేదు. కావున పదేండ్ల బాలికయు, అరువదేండ్ల పంతులుగారును ప్రక్కప్రక్కన పోవచ్చును. ఇచ్చట ఎక్కవలసిన కొండ లేదు. కొండకు బదులు గాలి కలదు. మధ్యాహ్నము దాటగనే సముద్రపుగాలి ఎదురుతిరుగును. తూర్పునకు పోవువాడు తెల్లవారుజామున బయలుదేరుట మేలు.

మరియొక విశేషము గట్టుమీదనుండియే బోధపడును. నది వరదలో ఒండ్రును మొదట తన ఒడ్డుననే వదలును. అందుచేత డెల్టాలో నదీతీరమే ఎత్తు, దూరము పోయినకొలది పల్లము. కాలువలను ఆ మెరకలవెంట నడిపిరి. మురుగుకాలువలను పల్లములలో త్రవ్విరి. గట్టుపైనున్నవానికి తూమునుండి పంటబోదెకు, బోదెనుండి మడికి, మడినుండి మురుగునకు దిగు నీటి ప్రయాణమంతయు ఒక్కచూపులో కనబడును. పటముపై నీలిగీతలతో చెప్పినను ఎక్కని పాఠమిది.

కాలము కూడ చూచుకొనవలెను. వానకాలమున నల్లరేగడి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ అంటుకొని బండిని కదలనీయదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. నీరు లేని కాలువ వెంట ఎండలో పోవుట శిక్ష. వరికోతలు ముగిసిన డిసెంబరునుండి ఫిబ్రవరివరకు మంచి అదను. అప్పుడు పొలములు బీడుగా ఉండవు. వరి కోయుటకు కొలదిదినములు ముందే చేలో చల్లిన మినుములు, పెసలు, మడిలో మిగిలిన తడితోనే మొలచి, కోసిన వరిదుబ్బుల నడుమ పచ్చగా పరచుకొనును. లకుముకిపిట్టలు, నీటికాకులు, కొంగలు కాలువను కనిపెట్టుకొని యుండును. తుమ్మముల్లు మాత్రము ఏ కాలమునను విడువదు; పంక్చరు సామాను, గాలిపంపు లేక బయలుదేరరాదు.

కాలువ గట్టుతోబాటు నది కరకట్టయు కలదు. యనమలకుదురు, తోట్లవల్లూరు మీదుగా అది దివిసీమవైపు సాగును. ఒకవంక లంకభూములలో పసుపు, కంద, అరటి, మరియొకవంక వరిమాగాణి. కొన్నిచోట్ల దానిపై మోటారుబండ్లు తిరుగుచున్నవి. అట్టిచోట కాలువగట్టునకు దిగిపోవలెను. దారిలోని శ్రీకాకుళము ఆంధ్రమహావిష్ణువు సన్నిధి; ‘ఆముక్తమాల్యద’ రచింపుమని కృష్ణదేవరాయలకు కలలో ఆజ్ఞయైన చోటు. కొంత తూర్పునకు మరలినచో క్షేత్రయ్య మువ్వ, సిద్ధేంద్రయోగి కూచిపూడి ఎదురగును. పులిగడ్డ దాటినచో దివిసీమ. ఆ చివర హంసలదీవివద్ద కృష్ణ సముద్రమున కలియును. 1977 నవంబరు 19నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొన్న నేల యిది. చదునైన భూమి ఎంత సుఖమో, ఎంత నిస్సహాయమో సైకిలుపై పోవువానికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు.

ఉత్తరమునకు పోయినచో కొల్లేరు. కైకలూరు చేరువనున్న ఆటపాకలో గూడకొంగలు గుంపులుగా గూళ్లు కట్టును. 2002లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్‌సార్ జాబితాకెక్కినది. అయినను చేపలచెరువులకై వేసిన గట్లు సరస్సునకు ఊపిరాడనీయకపోగా, 2006లో వాటిని పెద్దయెత్తున త్రెంచవలసివచ్చినది. అన్ని గట్లును ఒక్కటి కావు. నీటిని నలుగురికి పంచు గట్టు వేరు. నీటిని తనకొరకు బంధించు గట్టు వేరు.

ఇట్టి చదునునేలయే యైన హాలెండులో కట్టలపై సైకిలు దారులు దేశమంతట అల్లుకొన్నవి. కూడలి కూడలికి అంకె వేసి దారి చూపుదురు. ఆ కట్టలను కాపాడుటకు పదమూడవ శతాబ్దమునుండియు నీటిసంఘములున్నవి. 1953 ఫిబ్రవరిలో కట్టలు తెగి అచ్చట 1800 మందికి పైగా మరణించిరి. కట్ట తెగినచో బ్రదుకు తెగునని ఆ ప్రజలకు తెలియును. ఆదివారము సైకిలెక్కి ఆ కట్టపై పోవు బాలునికిని తెలియును.

అసలు విషయము ఇచ్చటనే ఉన్నది. పడవవారు నడచినంతకాలము ప్రతి గండిని, ప్రతి కలుగును, క్రుంగిన ప్రతి తూమును చూచు కన్నులుండెడివి. నేడు పెక్కుచోట్ల గట్టుపై తుమ్మ అల్లుకొన్నది. కాలువలో గుర్రపుడెక్క పేరుకొన్నది. ఊరిచెత్త గట్టుదిగువకు చేరుచున్నది. నిలువనీడలేక గుడిసె వేసికొన్న పేదవానిని నిందించుట న్యాయము కాదు. కాని గట్టును కొంచెముకొంచెముగ పొలములో కలుపుకొన్నవానిని ఎవరును ప్రశ్నింపకుండుటయు న్యాయము కాదు. 2024 సెప్టెంబరు మొదటిదినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలో వేలాది ఇండ్లు నీట మునిగినవి. ఆ దినములలోనే బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారినది. అట్టి ప్రళయమును సైకిళ్లు ఆపగలవని ఎవరును అనరు. కాని మనుష్యులు నడవని దారి కొలదికాలమునకు ఎవరిదియు కాకుండ పోవును. ఎవరిదియు కాని గట్టు తెగువరకు ఎవరికిని కనబడదు.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు ఆదివారమున పదిమంది విద్యార్థులతో తమ ఊరి లాకునుండి తరువాతి లాకువరకు పోయిరావచ్చును. వరుస తప్పరాదు, కాలువలో దిగరాదు. ఒక బాలుడు తూములు లెక్కించును. ఒక బాలిక పక్షుల పేర్లు వ్రాయును. మరియొకడు గట్టు కోసికొనిపోయినచోటు గుర్తించును. ఏటేట అదే దారిన పోయి అదే పుస్తకమున వ్రాసినచో, పదియేండ్లకు ఆ గ్రామమునకు తన గట్టు చరిత్ర చేతికి వచ్చును. పూర్వులు పారతో గట్టు పోసి యిచ్చిరి. దానిని కన్నుతో కాచుట నేటి బాలుర వంతు. అందుకు సైకిలుకంటె చౌకయైన సాధనము లేదు.