అరటి బోదె: నారెంత, నీరెంత?

పులివెందుల, లింగాల, వేంపల్లె వైపు గెలలు కోసేశాక తోటలోకి వెళితే బోదెలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. కూలి ఇచ్చి మరీ వాటిని గట్టు దాటిస్తున్న రైతుకు ఫోన్లో తిరిగే వీడియోలు ఆశ పెడుతున్నాయి, పారేసే బోదెలోనే లక్షలున్నాయని. నార ఉన్నమాట నిజమే. లక్షల లెక్క దగ్గరే తిరకాసు.

అపోహ: అంత లావు బోదెలో బోలెడు నార ఉంటుంది.

వాస్తవం: బోదెలో తొంభై శాతం దాకా నీళ్లే. వంద కిలోల పచ్చి బోదెకు ఎండు నార కిలో, మహా అయితే కిలోన్నర. బోదెల్ని ట్రాక్టరుకెత్తి ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి తోలడమంటే డీజిలు పోసి నీళ్లు మోయడమే. నార తీసే యంత్రమే తోట గట్టుకు రావాలి. బోదెను నిలువునా చీల్చి డొప్పలు విడదీస్తారు. ఒక్కో డొప్పను తిరిగే డ్రమ్ముకు అందిస్తే దాని మొద్దు పలకలు గుజ్జును గీకేస్తాయి. సగం దాకా పోనిచ్చి వెనక్కి లాగి, రెండో కొస తిప్పి పెట్టాలి. చేతిలో తడి పట్టుకుచ్చులా నార మిగులుతుంది. కడిగి దండెం మీద ఆరేస్తారు. బోదె కోసి రోజుల తరబడి వదిలేస్తే నార రంగు మారిపోతుంది. పై డొప్పలది ముతక, తాళ్లకూ సంచులకూ సరి. లోపలి డొప్పలది సన్నం, నేతకు పనికొస్తుంది. రెండూ కలిపి కట్ట కడితే నష్టపోయేది రైతే.

అపోహ: ఎలాగూ చెత్తే కదా, ఎత్తుకుపోతే నేలకేం నష్టం?

వాస్తవం: అరటి పొటాష్‌ను విపరీతంగా తీసుకునే పంట. అందులో చాలా భాగం బోదెలోనే నిలిచి ఉంటుంది. నార తీశాక మిగిలిన గుజ్జు, రసం మళ్లీ తోటకే చేరాలి. పొటాష్ బస్తా ధర తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. యంత్రం గట్టు మీదే ఉండాలనడానికి ఇది రెండో కారణం.

అపోహ: అరటినార చీర అంటే అంతా అరటే.

వాస్తవం: ఈ నార బిరుసు. అందుకే చాలా చీరల్లో పడుగు పత్తిదో పట్టుదో ఉంటుంది, పేకలో అరటినార కలుపుతారు. జపాన్‌లోని ఒకినావాలో అచ్చంగా అరటినారతోనే బషోఫు అనే బట్ట నేస్తారు. కానీ అది నార కోసమే పెంచే వేరే అరటి, మన తోటల్లో పండ్ల కోసం వేసే జీ-నైన్ రకం కాదు. ఫిలిప్పీన్స్ అబాకా కూడా అరటి జాతిదే. ఓడల మోకులు, టీ బ్యాగుల కాగితం దానితో చేస్తారు.

అపోహ: అరటినారకు నీళ్లు తగిలితే ఇక పనికిరాదు.

వాస్తవం: నీటిని పీల్చడమే దీని గుణం. అహ్మదాబాద్‌కు చెందిన సాథీ సంస్థ ఈ గుణాన్నే వాడుకుని అరటినారతో శానిటరీ ప్యాడ్లు తయారుచేస్తోంది. తాడుగా పేనినప్పుడు మాత్రం తడిలో వదిలేస్తే బూజు పడుతుంది.

అపోహ: పత్తి అంటే దూదే.

వాస్తవం: పత్తిలోనూ అరటి కథే. కర్నూలు జిల్లా ఆదోని మార్కెట్టుకు వచ్చే ముడిపత్తి బరువులో దూది మూడో వంతే, మిగతాదంతా దాదాపు గింజే. ఆ గింజతో నూనె తీస్తారు, పిండిచెక్క గేదెలకు పెడతారు. గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగును కూడా సెల్యులోజ్ తయారీకి కొనుక్కుంటారు. జిన్నింగు మిల్లులు ఊళ్లోనే ఉండబట్టి ఈ విడదీయడమంతా అక్కడే అయిపోతుంది. దూరాన ఉన్న నూలు మిల్లుకు లారీ ఎక్కేది 170 కిలోల బేలుగా బిగించిన దూది ఒక్కటే. అరటినారకు ఇలాంటి ఏర్పాటు ఇంకా కుదరలేదు.