సగం ఉప్పు, సగం మంచినీళ్లు

మా ఆయనకి ఓ అలవాటుంది. కొత్త ఊరెళితే ముందు అక్కడి నీళ్లు రుచి చూస్తారు. హోటలు గ్లాసులోవి కాదు, బోరింగువో కాలువవో. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఆ ఊరి మీద తీర్పు చెప్పేస్తారు. మునుగోడు దగ్గరి పల్లెలో, ఫ్లోరైడు నీళ్లకు పళ్లు గారకట్టి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగారు. అంచేత నీళ్లను చప్పున నమ్మరు. నేనేమో బందరు పిల్లని. సముద్రపు గాలికి తలుపు గొళ్లేలు తుప్పు పట్టే ఇంట్లో పుట్టాను. ముప్ఫయ్యేళ్ల కాపురంలో మేం నీళ్ల గురించి పోట్లాడుకున్నంతగా డబ్బు గురించి పోట్లాడుకోలేదు.

ఆయన రిటైరైన రెండో నెల, సంక్రాంతి వెళ్లిన వారం, పాత కారులో కాకినాడ నుంచి పులికాట్ దాకా బయల్దేరాం. దారి నేనే ఎంచాను. కత్తిపూడి దగ్గర పెద్ద హైవేని వదిలేసి కాకినాడ, యానాం, అమలాపురం, నర్సాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల చుట్టి ఒంగోలు దగ్గర మళ్లీ అదే హైవేలో కలిసే 216 నంబరు రోడ్డు. తొందరున్నవాళ్లు ఈ రోడ్డెక్కరు. మాకు తొందర లేదు, పిల్లల ఫోన్లు తప్ప.

మొదటి పొద్దు ఉప్పాడలో. లోపలి వీధుల్లో జాందానీ మగ్గాల చప్పుడు, బయట అలల చప్పుడు. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు బండరాళ్లు పోసి మళ్లీ నిలబెట్టారో ఊళ్లో ఎవర్నడిగినా ఓ కథ చెబుతారు. కాకినాడ పక్కనే ఉంది, దానికేం కాదేం అన్నది ఈయన ప్రశ్న. కాకినాడకి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ పడుకుని ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో రెండొందల ఏళ్లలో పెరిగిన 16 కిలోమీటర్ల దిబ్బ. అలల దెబ్బ అది కాసుకుంటుంది. ఉప్పాడ ఆ చాటుకి అవతల ఉండిపోయింది. పైగా ఆనకట్టల వెనక ఆగిపోయిన ఇసుక తీరానికి రాదు. అలకు తినడానికి ఊరే దొరుకుతుంది.

కోరంగి మడ అడవిలో చెక్కల బాట మీద నడుస్తుంటే ఈయన మొదటిసారి ఆగారు. పాటు మీద ఉంది, నీరు లాగేసింది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ వేళ్లు పైకి పొడుచుకుని ఉన్నాయి. ఊపిరి కోసం పైకి వచ్చిన వేళ్లవి. ఆ బురదలో గాలి ఉండదు. తిల్ల చెట్టు కొమ్మ విరవొద్దని, పాలు కంట్లో పడితే చూపు పోతుందని పడవ నడిపే పెద్దాయన హెచ్చరించాడు. 1978లో అభయారణ్యం చేసిన ఈ 235 చదరపు కిలోమీటర్ల మడలో బావురు పిల్లి ఉంటుంది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. రాత్రిపూట తిరిగేది, మాకెలా కనిపిస్తుంది! దాని అడుగులని చెప్పి బురదలో నాలుగు గుంటలు చూపించాడు. నమ్మాం.

ఈయన వంగి వేలు ముంచారు. "ఉప్పగున్నది. గని సముద్రమంత లేదు."

అదే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి రేవును తుడిచిపెట్టేసింది. తుపానుకి సైక్లోన్ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని కోరంగి ఉప్పెన గురించి రాశాడు. ఓడలు పోయాయి, మడ మిగిలింది. మా చిన్నప్పుడు మడ అంటే వంటచెరకు, బురద, దోమలు. అంతకుమించి దానికి ఓ పని ఉందని ఎవరూ చెప్పలేదు.

యానాం వంతెన దాటి కోనసీమ. ఇక్కడ నేనేమీ రాయను, కొబ్బరిచెట్ల మీద ఇప్పటికే రాయాల్సినదానికంటే ఎక్కువ రాశారు. రాజోలు హోటల్లో ఈయన పులస ఉందా అని అడిగారు. జనవరిలో! సప్లయరు కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. పులస వరదతో పాటు వస్తుంది, ఎర్రనీరు వెనక్కి తగ్గితే అదీ పోతుంది. చందువా వేపుడుతో సర్దుకున్నారు.

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ల గట్టు. ఒక పక్క నది రంగు, ఇంకో పక్క సముద్రం రంగు, మధ్యలో ఇసుక. అక్కడే మా కారు చక్రం కూరుకుపోయింది. వలలు సర్దుకుంటున్న నలుగురు వచ్చి "అమ్మా, మీరు దిగండి, బరువు తగ్గుద్ది" అన్నారు. ఆ మాటకి ఈయన ఇప్పటికీ నవ్వుతున్నారు.

నర్సాపురం నుంచి తిన్నగా బందరు పోవచ్చు. కొల్లేరు కోసం భీమవరం, కైకలూరు వైపు తిరిగాం. గంటసేపు కారు నడిపినా సరస్సు కనిపించలేదు. గట్లు, చెరువులు, ఏరేటర్లు, ఐసు పెట్టెల్లో శీలావతి, బొచ్చె నింపుకుని బెంగాలు వైపు పోయే లారీలు. "ఇన్ని చెర్లున్నయి, కొల్లేరేది?" అన్నారాయన. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు ఇందులో పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే బయటికి దారి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమన్నారు, 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. లేపినవాళ్లందరూ దుర్మార్గులని హైదరాబాదులో కూర్చున్నవాళ్లు తేల్చేస్తారు. లంక గ్రామాల్లో రెండెకరాల చెరువు మీద కూతురి పెళ్లి చేసిన ఇల్లు చూశాక నేనంత సులువుగా అనలేను. కాని నీరు పరుచుకునే చోటు మనం తీసేసుకుంటే, వరదనాడు అది తన చోటు తాను వెతుక్కుంటుంది.

ఆటపాకలో మాత్రం కొల్లేరు కొంచెం కొల్లేరులా ఉంది. గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతారు. వాటి మీద గూడబాతులు అపార్టుమెంట్లలో లాగా అంతస్తులుగా కూర్చుని ఉన్నాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలో దూర్చి చేప లాక్కుంటుంటే, మింగేస్తుందేమోనని నాకు భయమేసింది. ఈయన పడవ అంచు మీంచి వంగారు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఊళ్ల మురుగంతా ఎక్కడికి చేరుతుందో తెలిసినదాన్ని. ఈ దారిలో మాకు దొరికిన ఒకే ఒక్క మంచినీటి సరస్సు, దాన్ని మాత్రం నాలుక మీద పెట్టుకోనివ్వలేదు.

బందరులో మా ఇల్లు లేదు, అమ్మేశాం. తొక్కుడు లడ్డు కొనుక్కుని మంగినపూడి వెళ్లాం. 1977 నవంబరు 19, శనివారం. నాకు ఆరేళ్లు. దివిసీమ మీద ఉప్పెన పడి పదివేల మందికి పైగా పోయారు. మాది ఊరి లోపల గనుక బతికాం. గుర్తున్నది గాలి మోత, మర్నాటి నుంచి వీధిలో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం. తర్వాత మూడేళ్లు నాన్న మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లలేదు. చూద్దాం నాన్నా అంటే, "మనం వెళ్లేదేంటే, అదే వచ్చి చూసిపోయింది కదా" అనేవారు. మర్నాడు హంసలదీవి వెళ్లే దారిలో, కృష్ణ సముద్రంలో కలిసే ఆ కొసన, రెండు పక్కలా మడ చెట్లు కనిపించగానే కారు ఆపమన్నాను. ఉప్పెన నాడు మడ దట్టంగా ఉన్నచోట అల నెమ్మదించిందని దివిలో పెద్దవాళ్లు చెప్పగా వినడమే. చెట్టు కొమ్మ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఈయన ఏమీ అడగలేదు.

సూర్యలంక, వాడరేవు: మంచి ఇసుక, మంచి రొయ్యలు, బోలెడు సెల్ఫీలు. వేటపాలెంలో జీడిపప్పు కొని, 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో పాత పత్రికల వాసన పీల్చి, ఒంగోలు దాటేశాం.

నేలపట్టు దగ్గర ఈయన చెయ్యి మళ్లీ చెరువు వైపు పోయింది. ఒడ్డున ఉన్న రైతు నవ్వాడు. "ఈ నీళ్లు మీకు కాదు సార్, మా పైరుకి." చెట్ల నిండా గూడబాతులు; వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు ఎరువు. పక్షులు రాకపోతే ఆ ఏడు మంచిది కాదని ఊళ్లో అనుకుంటారట. 1976లో ప్రభుత్వం అభయారణ్యం అనకముందు నుంచే వాటిని కాచుకున్నది ఈ ఊళ్లవాళ్లే. గూళ్లు ఇక్కడ పెట్టుకుని, పిల్లల తిండికి పులికాట్ దాకా ఎగిరి వెళతాయి. నేలపట్టులో గూడు, పులికాట్‌లో కూడు.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. కారు పక్కన ఆపాం. దూరంగా గులాబీ గీత ఒకటి. రాజహంసలు. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదను వడగట్టుకుని తింటున్నాయి. అవతల రాకెట్లు ఎగిరే దీవి, ఆ దీవికి అవతల సముద్రం. అది ఇక్కణ్ణుంచి కనిపించదు.

ఈయన చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో దిగారు. ముప్ఫయ్యేళ్లలో ఏ బీచ్‌లోనూ పాదం తడుపుకోని మనిషి. యాభై అడుగులు నడిచినా నీరు పిక్క దాటలేదు. అక్కడ వంగి వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, చాలాసేపు ఆలోచించారు.

"ఏమండీ, ఎలా ఉన్నాయి?"

"సగం మీయి, సగం మాయి."

రాజహంసలు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాయి.