చంద్రుడు నేలకు రాలునా?

ఆకాశము విరిగి మీద పడునేమో యను భయము మానవునకు క్రొత్తది కాదు. 1979వ సంవత్సరము జూలై నెలలో తెలంగాణ పల్లెలలో ఈ భయము నిజముగనే వ్యాపించెను. అమెరికా దేశమువారు 1973వ సంవత్సరము మే 14వ తేదీన అంతరిక్షమునకు పంపిన స్కైలాబు అను ప్రయోగశాల భూమిపై పడబోవుచున్నదని రేడియోలును, వార్తాపత్రికలును తెలిపెను. అది ఎచ్చట పడునో ముందుగా నిర్ణయించి చెప్పుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఇక తమకు నూకలు చెల్లినవని తలచి, పెంచుకొన్న కోళ్లను, మేకలను కోసి విందులు చేసికొన్నవారును, దాచుకొన్న సొమ్మును ఖర్చుపెట్టివేసినవారును కలరని కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పెద్దలు నేటికిని చెప్పుకొందురు. నాటి కరీంనగరు జిల్లాలోని బండలింగంపల్లి గ్రామమును కథాస్థలముగా గ్రహించి, ఈ యుదంతముపై 2021వ సంవత్సరమున ‘స్కైలాబ్’ అను తెలుగు చలనచిత్రము కూడ వెలువడెను.

జూలై 11వ తేదీ రానే వచ్చెను. సుమారు 77 టన్నుల బరువు గల స్కైలాబు వాయుమండలములోనికి చొచ్చి, ముక్కలు చెక్కలై, కొంత హిందూ మహాసముద్రములోను, కొంత ఆస్ట్రేలియా పశ్చిమ భాగమున ఎస్పెరెన్సు పట్టణ ప్రాంతములోను పడెను. ఎవరికిని గాయమైనను కాలేదు. కాని భయముచే పోగొట్టుకొన్న మేకయు, సొమ్మును తిరిగి రాలేదు.

మానవుడు నిర్మించిన 77 టన్నుల వస్తువే పడినప్పుడు, అంతకంటె ఎంతయో బరువైన చంద్రుడు ఏల పడకున్నాడు? ఒకవేళ పడినచో ఏమగును? ఈ ప్రశ్నను ఒక వింతకథగా మలచినది జపాను దేశపు నింటెండో సంస్థ 2000వ సంవత్సరమున వెలువరించిన ‘మజోరాస్ మాస్క్’ అను వీడియో క్రీడ. అందు భయంకరమైన ముఖము గల చంద్రుడు ఒక పట్టణముపైకి మెల్లమెల్లగా దిగుచుండును. మూడు దినములు ముగియునప్పటికి అతడు నేలను తాకును. ఆ లోపున పట్టణమును కాపాడుట క్రీడించువాని పని. గడువు మించునట్లున్నచో అతడు ఒక మాయాగీతమును వాయించి తిరిగి మొదటి దినమునకు పోవచ్చును. కడపట నలుగురు మహాకాయులు వచ్చి, చేతులెత్తి, ఆ చంద్రుని నిలువరింతురు. కథగా ఇది చక్కనిదే. అయినను ఇదే చంద్రుని భౌతికశాస్త్రపు త్రాసులో తూచి చూచినచో, కథకంటెను వింతయైన సంగతులు తెలియవచ్చును.

ముందుగా కొలతలను గ్రహింపవలెను. నిర్మలు పట్టణమందలి కళాకారులు తేలికయైన పొణికి కర్రను చెక్కి, రంగులు వేసి, పండ్లను, పక్షులను నిజమైనవో యన్నట్లు చేయుదురు. వారిలో నొకరు భూమిని 11 సెంటీమీటర్ల వ్యాసము గల బంతిగా చెక్కినారనుకొందము. ఆ లెక్కన చంద్రుడు 3 సెంటీమీటర్ల బంతి, అనగా పెద్ద ఉసిరికాయంత, అగును. ఈ రెంటిని ఎంత ఎడముగా ఉంచవలెను? ఒకే బల్లపై ప్రక్కప్రక్కన ఉంచిన చాలదు. 3.3 మీటర్ల దూరమున, గది యొక్క ఈ గోడకడ నొకటియు, ఆ గోడకడ నొకటియు ఉంచవలెను. భూమికిని చంద్రునకును నిజమైన దూరము సగటున 3,84,400 కిలోమీటర్లు. స్కైలాబు తిరిగిన యెత్తు సుమారు 435 కిలోమీటర్లు మాత్రమే. మన కర్రబంతికి అది 4 మిల్లీమీటర్ల దూరమైనను కాదు. కావున స్కైలాబు పడినది గనుక చంద్రుడును పడునని తలచుట, గుమ్మము ముందరి చెట్టును, దూరపు కొండను ఒకటిగా చూచుట వంటిది.

ఇక పడుట యనగా నేమో చూతము. నిర్మలు నుండి ఆదిలాబాదునకు పోవు మార్గమున, నేరడిగొండ సమీపమున, కడెము నదిపై కుంటాల జలపాతము కలదు. దాని యెత్తు సుమారు 45 మీటర్లు. అంతటి యెత్తు నుండి ఒక రాయిని జారవిడిచినచో, అది మొదటి సెకండులో 4.9 మీటర్లు పడును. రెండు సెకండ్లు గడచునప్పటికి 19.6 మీటర్లు, మూడు సెకండ్లు గడచునప్పటికి 44.1 మీటర్లు పడి, ఇంచుమించు అడుగునకు చేరును. కాలము రెండింతలైన దూరము నాలుగింతలు, కాలము మూడింతలైన దూరము తొమ్మిదింతలు అగుచున్నది. ఈ లెక్కతో ముందు మరల పని కలదు.

ఆ రాయిని జారవిడువక, అడ్డముగా విసరినచో ఏమగును? అప్పుడును అది మొదటి సెకండులో 4.9 మీటర్లే క్రిందికి దిగును. కాని విసరిన వేగమునుబట్టి దూరముగా పోయి పడును. భూమి గుండ్రనిది గనుక, 7.9 కిలోమీటర్ల దూరము సాగునప్పటికి దాని ఉపరితలము 4.9 మీటర్లు క్రిందికి వంగుచున్నది. గాలి అడ్డులేని చోట సెకండుకు 7.9 కిలోమీటర్ల వేగముతో రాయిని విసరగలిగినచో, అది 4.9 మీటర్లు దిగునంతలో నేలయు అంతే దిగిపోవును. రాయి ఎల్లప్పుడును పడుచునే యుండును. కాని నేలను అందుకొనజాలదు. అది భూమి చుట్టును తిరుగుచుండును.

పదునేడవ శతాబ్దమున ఐజాక్ న్యూటను మహాశయుడు ఈ యూహనే చంద్రునకు అన్వయించెను. భూమి కేంద్రము నుండి మనము ఒక భూవ్యాసార్ధపు దూరమున ఉన్నాము. చంద్రుడు అట్టి 60 వ్యాసార్ధముల దూరమున ఉన్నాడు. దూరము 60 రెట్లైనచో ఆకర్షణ 60ని 60చే గుణింపగా వచ్చిన 3,600వ వంతునకు తగ్గును. కావున ఇచ్చట రాయి ఒక సెకండులో 4.9 మీటర్లు పడగా, చంద్రుడు 1.36 మిల్లీమీటర్లు మాత్రమే పడవలెను. నిజమునకు అతడు అంతే పడుచున్నాడు. ఆ ఒక్క సెకండులోనే అతడు ప్రక్కకు ఒక కిలోమీటరునకు పైగా సాగుచున్నాడు. కావున ‘చంద్రుడు ఏల పడడు?’ అను ప్రశ్నకు సమాధానము, అతడు పడుచునే యున్నాడనియే. ప్రక్కకు పోవు ఆ వేగమే అతనిని నేలకు చేరనీయకున్నది.

మరి స్కైలాబు కూడ అట్లే తిరిగినది కదా, అది ఏల పడినది? అది తిరిగిన యెత్తున గాలి మిక్కిలి పలుచనిదే కాని, బొత్తిగా లేకపోలేదు. ఆ సంవత్సరములలో సూర్యునిపై సంక్షోభములు పెరుగగా, పై వాయుమండలము వేడెక్కి ఉబ్బెను. ఆ గాలి రాపిడిచే స్కైలాబు వేగమును కోల్పోయి, దినదినమును క్రిందికి దిగెను. చంద్రుడున్న చోట అట్లు అడ్డగింపగల గాలి లేదు.

కాబట్టి చంద్రుని పడవేయదలచినవారు ముందుగా అతని పరుగును ఆపవలెను. అది ఎంత పని? 2023వ సంవత్సరము జూలై 14వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగెను. రెండు టన్నుల బరువైనను లేని ‘విక్రమ్’ను దింపుటకై, సెకండుకు సుమారు 1.7 కిలోమీటర్ల వేగమును ఇంజనుల బలముచే తగ్గింపవలసివచ్చెను. చంద్రుని బరువును కిలోగ్రాములలో వ్రాయవలెనన్నచో 735 అని వ్రాసి, దాని ప్రక్కన 20 సున్నలు చేర్చవలెను. అతని పరుగులో గల శక్తి, సూర్యుడు అన్ని దిక్కులకును వెదజల్లు శక్తినంతయు 100 సెకండ్లపాటు ప్రోగుచేసినదానికి సమానము. అంతటి శక్తిని ఎదిరించి నిలుపగల బలము మానవుని వద్ద లేదు. అది కథలోని మహాకాయులకే చెల్లును.

అయినను ఏ మాయవలననో చంద్రుడు ఒక్కసారి ఆగిపోయెననుకొందము. అప్పుడతడు నేరుగా భూమివైపు పడసాగును. మొదటి దినమున సుమారు 10,000 కిలోమీటర్లు మాత్రమే దిగును. కంటితో చూచువారికి ఆ భేదము తెలియనైన తెలియదు. కుంటాల యొద్ద రాతికి చెప్పిన లెక్కయే ఇచ్చటను పనిచేయును. పైగా దగ్గరకు వచ్చుకొలది ఆకర్షణయు పెరుగుచుండును. మూడు దినములు గడచునప్పటికి అతడు సుమారు 1,00,000 కిలోమీటర్లు దిగి, ఇంకను 2,84,000 కిలోమీటర్ల దూరమున ఉండును. క్రీడలో పట్టణము నాశనమగు ఆ గడియలో, నిజమైన చంద్రుడు ఆకాశమున ఇప్పటికంటె మూడవవంతు పెద్దగా కనిపించును, అంతే. కాని నాలుగవ దినము నుండి వేగము భయంకరమగును. కడపటి ఒక్క దినములోనే అతడు 2,00,000 కిలోమీటర్లు దాటివచ్చి, మొత్తము 4.8 దినములకు, సెకండుకు సుమారు 10 కిలోమీటర్ల వేగముతో భూమిని తాకును.

క్రీడలో వలె మెల్లగా దిగివచ్చినను అపాయము తప్పదు. సముద్రమున ఆటుపోట్లు కలుగుటకు ముఖ్యకారణము చంద్రుని ఆకర్షణయే. దూరము సగమైనచో ఆ పోటు కలిగించు బలము 8 రెట్లు, దూరము పదవవంతైనచో 1,000 రెట్లు అగును. చంద్రుడు నేలను తాకుటకు ఎంతో ముందే సముద్రములు పొంగి తీరములను ముంచివేయును. ఆ బలము చంద్రునిపైనను పనిచేయును. భూమికి దగ్గరనున్న అతని భాగము ఎక్కువగాను, దూరమునున్న భాగము తక్కువగాను లాగబడును. ఒక గ్రహమునకు మితిమీరి దగ్గరకు వచ్చిన ఉపగ్రహము ఈ లాగుడుచే చీలిపోవునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ రోషు 1848వ సంవత్సరమున లెక్కకట్టెను. తన ఆకర్షణచే మాత్రమే కూడియున్న చంద్రునకు ఆ హద్దు భూకేంద్రము నుండి ఇంచుమించు 18,000 కిలోమీటర్లు. మెల్లగా దిగు చంద్రుడు ఆ హద్దు దాటి వచ్చినకొలది శిథిలమగును. ఆ శకలములు శని గ్రహపు వలయముల వలె భూమి చుట్టును పరచుకొనును. పట్టణపు గోపురముపై నిండు చంద్రుడు నిలిచియుండుట కథలోనే సాధ్యము.

నిజమైన చంద్రుడు దగ్గరకు వచ్చుట లేదు సరికదా, దూరముగా తొలగుచున్నాడు. 1969వ సంవత్సరమున అపోలో-11 యాత్రికులు చంద్రునిపై అద్దముల వంటి పరికరమును ఉంచి వచ్చిరి. భూమి నుండి లేజరు కిరణమును పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి దూరమును కొలువగా, చంద్రుడు ఏటేట 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నట్లు తేలినది. ఆ తొలగుటకును కారణము ఆటుపోట్లే.

స్కైలాబు విషయమునను నాడే లెక్క యొకటి వేయబడినది. దాని శకలములవలన భూమిపై ఎవరో యొకరికి దెబ్బ తగులుటకు 152 పాళ్లలో ఒక పాలు అవకాశము కలదని అమెరికా శాస్త్రజ్ఞులు తెలిపిరి. నాడు భూమిపై 400 కోట్లకు మించిన జనులుండిరి. కావున ఒక పల్లెలోని ఫలానా మనిషికే దెబ్బ తగులు అవకాశము 60,000 కోట్లలో ఒకటి. ఈ సంగతిని ఇంటి అరుగుపై కూర్చుండి విడమరచి చెప్పగలవారు ఊరికొక్కరున్నను, అనేకులు నిశ్చింతగా నిద్రించియుందురు. వారి మేకలును మందలోనే నిలిచియుండును. నేడును ఆకాశమును గూర్చిన వదంతులు అప్పుడప్పుడు పుట్టుచునే యున్నవి. అట్టి మాట చెవిని పడినప్పుడు, ఆ వస్తువు ఎంత బరువైనది, ఎంత దూరమున నున్నది, ఎంత వేగముతో పోవుచున్నది అను మూడు ప్రశ్నలను వేసి, కాగితముపై లెక్క చూచుకొనుట చదువుకొన్న బాలబాలికల విధి. ఆ లెక్కకు ఎనిమిదవ తరగతి గణితమే చాలును.