'వీ' యనగా మేమా, మనమా?

ఆంగ్లభాషయందలి సర్వనామములలో 'వీ' యనునది మిక్కిలి చిన్నది. ఆంగ్లము ప్రారంభించిన కొలది దినములకే బాలురు దానిని నేర్చుకొందురు. దాని యర్థమేమని యడిగినచో 'మేము' అని తడవుకొనక చెప్పుదురు. ఆ యుత్తరము తప్పుగాదు. కాని యది సగము మాత్రమే. మిగిలిన సగమును మరచుటవలన కలుగు చిక్కులను, వానిని తప్పించుకొను మార్గమును మన విద్యార్థులకును, ఇంటియొద్ద వారి చదువును కనిపెట్టుచుండు తలిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన కొండాపురమునకు తెలుగెరుగని యతిథి యొకరు వచ్చిరనుకొందము. సాయంకాలమున ఆయన గ్రామస్థులతో చాలసేపు ముచ్చటించి, లేచి నిలిచి, 'నౌ వీ షల్ ఈట్' అనెను. ప్రక్కనున్న విద్యార్థి వెంటనే 'ఇక మేము భోజనము చేయుదుము' అని తెనిగించెను. వినుచున్న పెద్దలు, 'మంచిది బాబూ, మేము వెళ్లివచ్చెదము' అని పైపంచెలు సవరించుకొని లేచిరి. అతిథి తెల్లబోయెను. అందరితో కూడ ఒకే పంక్తిని కూర్చుండి భుజింపవలెనని యాయన తలంపు. విద్యార్థి నిఘంటువునకు విరుద్ధముగా నేమియు చెప్పలేదు. అయినను పిలువవలసిన వారిని పంపివేసినాడు. 'ఇక మనము భోజనము చేయుదము' అని పలికియుండినచో ఎవరును లేవకపోయియుందురు. చేయుదుము, చేయుదము అను నీ రెండు క్రియలకును ఒక్క కొమ్ము మాత్రమే భేదము. మేము, మనము అను రెండు సర్వనామములకు నడుమనున్న భేదము మాత్రము చాల పెద్దది.

ఆ భేదమేమి? మాటలాడువాడు తన పక్షమువారిని మాత్రము చేర్చుకొని, వినువానిని వెలుపల నుంచి పలుకునపుడు 'మేము' అనును. వినువానిని గూడ లోపలికి చేర్చుకొని పలుకునపుడు 'మనము' అనును. 'మేము ఉదయగిరికి పోవుచున్నాము' అనినచో వినువాడు ఇంటియొద్ద నుండును. 'మనము ఉదయగిరికి పోవుచున్నాము' అనినచో వినువాడును చెప్పులు తొడుగుకొనవలసినదే. ఆంగ్లేయుడు ఈ రెంటికిని 'వీ ఆర్ గోయింగ్ టు ఉదయగిరి' యని యొకే వాక్యము చెప్పును. వినువాడు తాను ప్రయాణమునకు సిద్ధపడవలెనో లేదో సందర్భమునుబట్టి గ్రహించుకొనవలెను. లేదా మరల నడుగవలెను.

మొదట 'వీ' యనుదాని రూపములను చూతము. కర్తయైనపుడు 'వీ', కర్మయైనపుడు 'అస్', నామవాచకమునకు ముందు నిలిచి సంబంధమును తెలుపునపుడు 'అవర్', ఒంటరిగా నిలిచి సంబంధమును తెలుపునపుడు 'అవర్స్'. ఈ నాలుగింటికి తెలుగున ఒక్కొక్కదానికి రెండేసి రూపములు కలవు: మేము, మనము, మమ్ము, మనలను, మా, మన, మాది, మనది. ఆంగ్లమున నాలుగు నేర్చిన బాలుడు తెలుగున ఎనిమిదింటిలో సరియైనదానిని ఏరుకొనవలసి యున్నది. తల్లి యొడిలో నేర్చిన భాష గనుక ఆ యేరుకొనుట మనకు తెలియకుండగనే జరిగిపోవును. మూడేండ్ల బిడ్డ సయితము 'మన ఇల్లు' అని తల్లితోను, 'మా ఇల్లు' అని పొరుగువానితోను చెప్పును. పుస్తకము ముందుంచుకొని తర్జుమా చేయునపుడు మాత్రము ఆ బిడ్డకున్న తెలివిని మనము మరచిపోవుదుము.

కర్తృరూపమునకును కర్మరూపమునకును మన బాలురు పొరబడు స్థలమొకటి కలదు. 'బాలురమైన మేము ఆడితిమి' అనుటకు 'వీ బాయ్స్ ప్లేడ్' అనవలెను. 'ఉపాధ్యాయుడు బాలురమైన మమ్మును మెచ్చుకొనెను' అనుటకు 'ది టీచర్ ప్రైజ్డ్ అస్ బాయ్స్' అనవలెను. 'బాయ్స్' అను మాటను తీసివేసి చదివి చూచినచో ఏది సరియో చెవికే తెలియును. మరియు, 'నేనును మా తమ్ముడును వచ్చితిమి' అని తెలుగున తన్ను ముందు చెప్పుకొనుట కలదు. ఆంగ్లమర్యాదనుబట్టి 'మై బ్రదర్ అండ్ ఐ కేమ్' అని తన్ను చివర చెప్పుకొనవలెను.

ఆంగ్లమున ఈ భేదము బొత్తిగా లేదనుకొనరాదు. ఒక్క చోట నది తొంగిచూచును. 'లెట్ అస్ గో' అను వాక్యమునకు రెండర్థములు కలవు. బందీలు కావలివానితో ననినచో 'మమ్ము పోనిమ్ము' అని యర్థము. కావలివాడు వారితో పోవుట లేదు. స్నేహితుడు స్నేహితునితో ననినచో 'మనము పోవుదము, రమ్ము' అని యర్థము. ఈ రెండవ యర్థమునందు మాత్రమే ఆ మాటలను కుదించి 'లెట్స్ గో' అని పలుకుదురు. బందీలు కావలివానిని వేడుకొనునపుడు 'లెట్స్' అనరు. కావున 'లెట్స్' అని కనబడినచోట కన్నులు మూసికొని 'మనము' అని వ్రాయవచ్చును. 'లెట్ అస్' అని కనబడినచోట కన్నులు తెరచి ఎవరు ఎవరితో పలుకుచున్నారో చూడవలెను.

మన భాషకును తొట్రుపాటు లేకపోలేదు. 'వచ్చితిమి' యని క్రియను మాత్రము చెప్పి సర్వనామమును విడిచినచో, మేము వచ్చితిమో మనము వచ్చితిమో తెలియదు. 'విద్యార్థులము' అనినను అంతే. భేదమంతయు సర్వనామమునందే యున్నది గాని క్రియాంతమునందు లేదు. 'పోవుదము', 'చదువుదము' అను ప్రేరణార్థమునందు మాత్రము వినువాడు తప్పక చేరియుండును.

ఈ భేదము ప్రపంచమున నెక్కడెక్కడ కలదని విచారించుట వినోదకరము. సంస్కృతమున ఇరువురకు 'ఆవామ్' అనియు, పలువురకు 'వయమ్' అనియు సంఖ్యాభేదము కలదు గాని, వినువానిని చేర్చుట, చేర్చకుండుట యను భేదము లేదు. మన పొరుగువారు పలుకు ఉర్దూలోని 'హమ్' అను మాటయు అట్టిదే. నేటి కన్నడమున 'నావు' అను నొకే మాట రెంటికిని చెల్లును. అరవమున 'నాంగళ్', 'నామ్' అనియు, మలయాళమున 'ఞంగళ్', 'నమ్మళ్' అనియు మనవలెనే రెండు కలవు. కాల్డ్వెల్ పండితుడు 1856వ సంవత్సరమున ప్రకటించిన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమునందు ఈ రెండు విధములైన ఉత్తమపురుష బహువచనమును ప్రత్యేకముగా చర్చించెను. అంతకు దాదాపు మూడువందల సంవత్సరములకు పూర్వమే, 1560లో, దోమింగో దె సాంతో తొమాస్ అను స్పెయిను దేశపు సన్యాసి, దక్షిణ అమెరికాయందలి కెచువా భాషకు వ్యాకరణము ప్రకటించి, ఆ భాషయందును ఇట్టి భేదము కలదని చూపెను. సముద్రముల కావలనున్న ఆ జనులకును మనకును చుట్టరికము లేకున్నను ఈ యొక్క విషయమున మాటతీరు కలిసినది.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. పపువా న్యూగినీ దేశమున 'టోక్ పిసిన్' అను భాష వాడుకలో నున్నది. దానిలోని మాటలు పెక్కు ఆంగ్లమునుండి పుట్టినవే. ఆ దేశపు జనుల స్వభాషలలో మేము, మనము అను భేదము పెక్కింట కలదు గనుక వారికి ఒక్క 'వీ' చాలలేదు. 'యూ', 'మీ' యను రెండు మాటలను కూర్చి 'యూమీ' యని చేసికొని దానిని 'మనము' అను నర్థమున వాడుచున్నారు. 'మీ', 'ఫెలో' యను మాటలనుండి పుట్టిన 'మిపెలా' యనుదానిని 'మేము' అను నర్థమున వాడుచున్నారు. ఆంగ్లము ఇయ్యనిదానిని ఆంగ్లపు మాటలతోనే కట్టుకొనిరి!

ఇక పరిశుద్ధ గ్రంథమును తెనిగించిన వారికి ఈ చిన్న మాట యెంత పని పెట్టినదో చూడుడు. క్రొత్త నిబంధనకు మూలమైన గ్రీకునందును ఆంగ్లమునందువలె ఒకే మాట కలదు. ప్రభువు నేర్పిన ప్రార్థనయొక్క మొదటి పిలుపును ఆంగ్లమున 'అవర్' అను మాటతో చెప్పుదురు. తెలుగున అది 'మా' యని యున్నది. 'మన' యని లేదు. ఏలయన, అచ్చట వినువాడు ఆ తండ్రియే. ఆయనతో 'మన తండ్రీ' యనినచో ఆయనకును మరియొక తండ్రి కలడని చెప్పినట్లగును. అదే బోధకుడు సంఘము నెదుట నిలిచి మాటలాడునపుడు 'మన తండ్రి' యనును. అచ్చట వినువారు తోడి బిడ్డలు. తండ్రి యొక్కడే, వినువారు మారినందున మాట మారినది. అపొస్తలుల పత్రికలలో 'మన ప్రభువు' అని చదువుచున్నాము. అచ్చట వ్రాయువాడును చదువువారును ఒకే ప్రభువునకు చెందినవారు.

మార్కు సువార్త నాలుగవ అధ్యాయమున, తుపానులో చిక్కిన దోనెయందు శిష్యులు, నిద్రించుచున్న బోధకుని లేపి, తాము నశించుచున్నామని మొరపెట్టిన వృత్తాంతము కలదు. అచ్చటి 'వీ' మేమా, మనమా? 'మేము' అనినచో శిష్యులు తమ ప్రాణముల కొరకు మాత్రమే భయపడినట్లుండును. 'మనము' అనినచో ఆయనయు మునిగిపోవునని వారు తలచినట్లుండును. ఒక్క సర్వనామముతో శిష్యుల విశ్వాసముయొక్క కొలత మారిపోవుచున్నది. ఆంగ్లమున చదువువానికి ఈ ప్రశ్నయే పుట్టదు. తెలుగున వ్రాయువాడు దీనికి జవాబు చెప్పక ముందునకు పోజాలడు. విద్యార్థులు తమలో తాము దీనిని చర్చించుకొందురు గాక.

లౌకిక విషయమునను ఇట్టి యుదాహరణము కలదు. 1949వ సంవత్సరము నవంబరు 26వ తేదీన ఆమోదింపబడిన మన రాజ్యాంగముయొక్క పీఠిక 'వీ' యను మాటతోనే ఆరంభమగుచున్నది. తెలుగు పాఠమున దానికి 'మేము' అనియే వ్రాసిరి. ప్రజలు తమలో తాము మాటలాడుకొనునపుడు 'మనము' అందురు. లోకము వినునట్లు ప్రతిన చేయునపుడు 'మేము' అనుటయే తగియున్నది.

తెలుగునుండి ఆంగ్లమునకు పోవునపుడు వేరొక చిక్కు కలదు. మనము 'మా అమ్మ', 'మా నాన్నగారు' అని చెప్పుదుము. తోబుట్టువులు లేని యొంటి బిడ్డయు 'మా అమ్మ' యనియే యనును. 'నా అమ్మ' యనుట వాడుకలో తక్కువ. దీనిని మాటకు మాటగా 'అవర్ మదర్' అని వ్రాసినచో, చదువువాడు ఈ బిడ్డకు అన్నదమ్ములు కలరని తలంచును. ఆంగ్లమున 'మై మదర్' అనవలెను. పెనిమిటిని గురించి 'మా ఆయన' యని చెప్పు ఇల్లాలి మాటను 'అవర్ హస్బెండ్' అని తర్జుమా చేసినచో నవ్వులపాలగుట నిశ్చయము. మన భాషలో 'మా' యనునది కుటుంబమును తెలుపు మర్యాదపు మాట. ఆంగ్లమున 'అవర్' అనునది లెక్కను తెలుపు మాట.

కావున 'వీ' యనుదానిని తెనిగించు ప్రతి విద్యార్థియు మూడు ప్రశ్నలను వేసికొనవలెను. పలుకువాడెవడు? వినువాడెవడు? పలుకువాడు చెప్పు పనిలోగాని సొత్తులోగాని వినువానికి పాలు కలదా? పాలు కలదన్నచో 'మనము', లేదన్నచో 'మేము'. తెలుగునుండి ఆంగ్లమునకు పోవునపుడు భేదము చెడకుండవలెనన్నచో, 'మనము' అనుచోట 'యూ అండ్ ఐ' యనిగాని, 'ఆల్ ఆఫ్ అస్ హియర్' అనిగాని విడమరచి వ్రాయవచ్చును. అట్లు చేసినచో 'వీ' దాచినదానిని వాక్యము బయలుపరచును.

చివరగా నొక్క మాట. మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడుట కాగితముమీద జరుగకముందే మాటలలో జరుగును. నిన్నటి వరకు 'మన పొలము' అని అన్నతో ననిన తమ్ముడు నేడు 'మా పొలము' అనినచో, ఇంటిలోని పెద్దలు ఆ క్షణముననే సంగతి గ్రహింతురు. ఇంటికి వచ్చిన క్రొత్తవానితో 'ఇది మన యిల్లే యనుకొనుడు' అని యజమాని పలికినచో, పీట వేయకముందే ఆ యతిథికి చోటు దొరికినది. ఆంగ్లేయుడు 'వీ' యని పలికి ఊరకుండవచ్చును. తెలుగువానికి ఆ వీలు లేదు. నోరు తెరచునప్పుడెల్ల ఎదుటివానిని లోపలికి పిలుచుచున్నాడో, గుమ్మము వెలుపల నిలుపుచున్నాడో తేల్చి చెప్పవలసినదే. ఇది మన భాష మనపై మోపిన బాధ్యత. మన విద్యార్థులు ఆంగ్లమున 'వీ' యను మాటను తప్పులేకుండ వాడుదురు గాక. తెలుగున 'మన' యనదగినచోట 'మా' యనకుందురు గాక.