పనియే పథ్యము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారు ఇంట రోగము నయమైనచో కొండగట్టు ఆంజనేయస్వామికి మొక్కు చెల్లింతురు. కాని పక్షవాతము వచ్చిన మనిషి విషయమున నయమగుట యనగా నేమి? ప్రాణము దక్కినది, వైద్యుడు ఇంటికి పంపినాడు. అయినను సిరిసిల్ల నేతగాని చేయి తెగిన పోగును ముడివేయజాలదు. కోరుట్ల బీడీ కార్మికురాలి వ్రేళ్ళు ఆకును చుట్టజాలవు. తన ముద్ద తాను తినలేనివాడు ఇంకను రోగియే గదా!

ఈ మిగిలిన దూరమును దాటించు శాస్త్రమునకు ఆక్యుపేషనల్ థెరపీ యని పేరు. మనము వృత్తి చికిత్స యని చెప్పుకొందము. ఇచట వృత్తి యనగా కూలి వచ్చు పని మాత్రమే కాదు. స్నానము చేయుట, గుండీ పెట్టుకొనుట, పూజకు పూలు కోయుట, ఇవన్నియు వృత్తులే. అమెరికాలో జన్మించి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి పాఠశాలను నెలకొల్పిరి. ఆసియాలో ఇదియే మొదటిది.

పక్షవాతమున దెబ్బ తినునది మెదడు, చేయి కాదు. మెదడులో చెడక మిగిలిన భాగము క్రొత్తదారి నేర్వగలదు. అయితే ఒకే పనిని మరల మరల చేసిననే నేర్చును. తెలిసిన పని, ఇష్టమైన పని అయినచో రోగి విసుగు చెందడు. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు పాశ్చాత్య ఆసుపత్రులలో నేతపని ఇచ్చినది ఇందులకే. అట్లని నడచుచున్న మరమగ్గముపై బలహీనమైన చేయి పెట్టరాదు. కండెలు చుట్టుట వంటి చిన్న పనితో మొదలిడవలెను.

ఇందు మరియొక మేలు కలదు. వైద్యరంగము సైతము పర్యావరణమునకు భారమగుచున్నది. భూగోళమును వేడెక్కించు వాయువులలో 4.4 శాతము వైద్యరంగమువలననే వెలువడుచున్నవని 2019లో ఒక అంతర్జాతీయ నివేదిక లెక్కకట్టెను. మంచము పట్టినవానికి పుండ్లు పడును, మరల ఆసుపత్రి తప్పదు; మందులు, వాహనములు, పారవేయు ప్లాస్టిక్కు పెరుగును. లేచి తన పని తాను చేసికొనువానికి ఈ వ్యయము తగ్గును. ప్రపంచ వృత్తి చికిత్సకుల సమాఖ్య 2012లోనే ఈ బాధ్యతను తనదిగా ప్రకటించెను.

సాధనములన్నియు కొననక్కరలేదు. చెంచా పిడికి పాత చీరపేలిక చుట్టినచో పట్టు దొరకును. పళ్ళెము క్రింద తడిగుడ్డ పరచినచో జారదు. మంచముకోళ్ళ క్రింద కదలని చెక్కదిమ్మలు ఉంచినచో లేచుట సులువగును. అయితే పాతదెల్ల మంచిది కాదు. ఒకరి ఎత్తునకు చేసిన చంకకర్ర మరియొకరికి నరములు నొక్కి హాని చేయును. ఏది తగునో చికిత్సకుడు చూచి చెప్పవలెను.

చివరగా ఇంటివారికి ఒక మాట. ప్రేమతో మనమే తినిపింతుము, మనమే తొడుగుదుము. ఆ ప్రేమయే అతని చేతికి పని లేకుండ చేయును. ఆలస్యమైనను ఓర్చి చూడవలెను. మొక్కు తీర్చుటకు కొండకు పోయిననాడు కొబ్బరికాయను మీరు కొట్టక, అతని చేతికే ఇండు.