పాత రైలు వంతెనపై పచ్చని తోట



భిలాయి ఉక్కు కర్మాగారంలో 1960 నుంచి రైలు పట్టాలు తయారవుతున్నాయి. పట్టా ఎలా పుడుతుందో ఈ ఊరి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మరి రైళ్లు ఆగిపోయిన మార్గం ఏమవుతుంది? సాధారణంగా ఇనుమంతా తుక్కుగా మారి మళ్లీ కొలిమికి చేరుతుంది. అయితే స్తంభాల మీద ఎత్తుగా కట్టిన మార్గాలకు మరో దారి కూడా ఉంది.

పారిస్‌లో 1969లో మూతపడిన బాస్టీల్ లైనును తోటగా మార్చి 1993లో ప్రారంభించారు. న్యూయార్క్‌లో 1934లో మొదలైన ఎత్తు రైలు మార్గంపై 1980లో చివరి గూడ్సు బండి నడిచింది. ఆ తర్వాత గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలు మొలిచి, గడ్డి, పూలమొక్కలు వాటంతట అవే పెరిగాయి. కూల్చివేతను వ్యతిరేకిస్తూ 1999లో ఇద్దరు స్థానికులు ఒక సంఘం స్థాపించారు. 2009లో 'హై లైన్' పార్కు తొలి భాగం తెరుచుకుంది. 2014 నాటికి అది దాదాపు 2.3 కిలోమీటర్లకు చేరింది.

గాలిలో నిలిచిన వంతెన తోటను ఎలా మోస్తుంది? లెక్క చూద్దాం. తడిసిన మట్టి ఘనమీటరుకు సుమారు 2 టన్నులు తూగుతుంది. అర మీటరు మందాన పరిస్తే చదరపు మీటరుకు 1 టన్ను బరువు పడుతుంది. నిండు గూడ్సు రైళ్ల కోసం కట్టిన వంతెనకు ఇది మోయలేని భారం కాకపోవచ్చు. అయినా తుప్పు పట్టిన చోట్లను ముందుగా పరీక్షించి తీరాలి.

రెండో సమస్య నీరు. అది నిలిస్తే బరువూ పెరుగుతుంది, తుప్పూ పెరుగుతుంది. అందుకే మట్టి కింద నీరు ఇంకని పొర, దానిపై నీరు జారిపోయే గులకరాళ్ల పొర వేస్తారు.

మూడోది వేడి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే 30 మీటర్ల ఉక్కు దూలం దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. కాబట్టి అతుకుల దగ్గర ఖాళీ వదలాలి.

నాలుగోది వేళ్లు. పాత గోడలను చీల్చే రావి మొక్కను మీరు చూసే ఉంటారు. వంతెన మీద లోతుకు పోని వేళ్లున్న మొక్కలే మేలు.

లెక్కలన్నీ కుదిరినా ఒక ప్రశ్న మిగులుతుంది: లాభం ఎవరికి? హై లైన్ వచ్చాక చుట్టుపక్కల ఇళ్ల ధరలు బాగా పెరిగాయి. సామాన్యులకు అక్కడ నివాసం భారమైంది. మన పొరుగున ఉన్న రాయ్‌పూర్‌లో నేలమీది నారోగేజి లైను 2017లో మూతపడ్డాక, ఆ స్థలంలో ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేశారు. రోడ్డు వాహనాలకు దారి ఇస్తుంది; తోట నడిచేవారికి నీడ ఇస్తుంది. ఒకసారి నిర్ణయం జరిగిపోతే మార్చడం కష్టం. అందుకే కూల్చకముందే అందరూ కూర్చుని ఆలోచించాలి.

అభ్యాసం: మీ ఊళ్లో వాడకం లేని కట్టడం ఒకటి ఎంచుకోండి. దాన్ని కూల్చాలా, మార్చాలా? బరువు, నీరు, వేడి, వేళ్లు, మనుషులు – ఈ ఐదింటినీ లెక్కలోకి తీసుకుని ఒక పేజీ రాయండి.