బొటనవేలికి సరుకు మోసేదెవరు?

అమ్మలూ, కాలి బొటనవేలు గిల్లితే చురుక్కుమంటుంది కదా! ఆ నొప్పిని పసిగట్టే నరాల కణం కాల్లో ఉండదే. నడుము దగ్గర, వెన్నుపూస పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి ఒకే ఒక్క పోగు వేలిదాకా దిగుతుంది. నాలాంటి పెద్దవాళ్లలో దాని పొడవు ఇంచుమించు మీటరు, మందమేమో వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు.

చిక్కంతా ఇక్కడే. వేలి చివర కావలసిన ప్రొటీన్లు చాలామటుకు పైన, కణంలోనే తయారవుతాయి. వాటి మానాన వాటిని వదిలేస్తే, అటూ ఇటూ కొట్టుకుంటూ మీటరు దాటేసరికి వందల ఏళ్లు పడుతుంది. అందుకే వాటిని మోసుకెళ్లడానికి కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్ ఉంది. బస్తా ఎత్తుకున్న హమాలీ అనుకో. పోగు పొడవునా పరుచుకున్న మైక్రోట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టం దాని దారి. దానికి రెండు పాదాలు. ఒకటి గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటేనే రెండోది లేస్తుంది. లేచింది ముందుకు పడి పట్టు దొరకబుచ్చుకున్నాక, ఇప్పుడు వెనకపడ్డ పాదం వదులుతుంది. దాని ఇంధనం ఏటీపీ, అడుగుకో అణువు ఖర్చు. ఆ అడుగుతో సాగేది 8 నానోమీటర్లే. ఏం లాభం అంటావేమో, సెకనుకు ఎన్నో అడుగులు వేస్తుంది మరి! జోరుగా సాగే సరుకు రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది. అంటే నడుము నుంచి వేలికి రెండు మూడు రోజులు. అన్నీ అలా పోవులే, కొన్ని రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు కూడా కదలవు.

ఈ కైనెసిన్‌ను పట్టుకున్నది అమెరికాలోని వుడ్స్ హోల్‌లో, 1985లో. రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ అనే శాస్త్రవేత్తలు కలిసి స్క్విడ్ అనే సముద్రజీవి నరాన్ని ఎంచుకున్నారు. మన నరప్పోగుల్లా కాదు, అది కంటికి కనిపించేంత లావు. లోపలి పదార్థాన్ని గాజుపలక మీదికి పిండినా రవాణా ఆగలేదట!

తిరుగు ప్రయాణానికి డైనీన్ అని వేరే మోటారు ఉంది. పాతబడ్డ సరుకును, చివర్నుంచి వచ్చే కబుర్లను అది పైకి చేరవేస్తుంది. కుక్క కరిస్తే రేబిస్ వైరస్ ఎక్కేది దీనిమీదే, టికెట్టు లేకుండా! అందుకే పాదం మీది కాటు కన్నా మొహం మీది కాటుకు జబ్బు త్వరగా బయటపడుతుంది. వైరస్ దారి పట్టకముందే అడ్డుకోవాలి గనక, కాటును సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే సూది వేయించుకోమంటారు.